నంబరు కలిసింది, నాణెం కలవలేదు

ప్రశ్న: నాకు పాత నాణేలంటే ఇష్టం. మూడు వారాల క్రితం ఆన్‌లైన్‌లో 1911 నాటి జార్జి రాజు వెండి రూపాయి రూ. 38,000 పెట్టి కొన్నాను. నాణెం అసలుదో కాదో చూసి, దాని స్థితికి అంకె ఇచ్చే ఒక విదేశీ గ్రేడింగ్ కంపెనీ డబ్బాలో సీల్ చేసి ఉంది, మీద 'ఎంఎస్ 63' అని లేబుల్ ఉంది. లేబుల్ మీది నంబరు కొట్టి చూస్తే కంపెనీ సైట్‌లో అవే వివరాలు వచ్చాయి. కానీ అక్కడి ఫొటోలో రాజు గడ్డం పక్కన ఒక నల్లమచ్చ ఉంది, నా నాణెం మీద అది లేదు. చార్మినార్ దగ్గర ఒక వ్యాపారికి చూపిస్తే ఆరేడు వేలకు మించి ఇవ్వనన్నారు. అమ్మినతను 'నంబరు కలిసింది కదా, ఇంకేం కావాలి? ఏడు రోజుల రిటర్న్ గడువు కూడా దాటిపోయింది' అంటున్నాడు. నా డబ్బు వస్తుందా? డబ్బా పగలగొట్టి తూకం వేయించనా? మా తాతగారి హాలీ సిక్కా రూపాయలు (నిజాం కాలం నాటివి) కూడా ఉన్నాయి. వాటిని గ్రేడింగ్‌కి అమెరికా పంపొచ్చా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ముందుగా, ఆ డబ్బా జోలికి వెళ్ళకండి. తూకం వేసి చూడాలన్న ఆత్రం నాకు అర్థమవుతుంది. అసలైన 1911 రూపాయి 11.66 గ్రాములు తూగుతుంది, అందులో దాదాపు 92 శాతం వెండి ఉంటుంది. కానీ మీరు సీల్ విప్పిన మరుక్షణం 'నేను పంపిన నాణెం ఇది కాదు, మార్చేశారు' అని అవతలివాళ్ళు అనేస్తారు. దానికి మీ దగ్గర జవాబు ఉండదు. వస్తువును పరీక్షిస్తే తప్ప లోపం తేలని కేసుల్లో ల్యాబ్‌కు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. ఆ తూకం ఏదో వాళ్ళ ద్వారానే జరగనివ్వండి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయాయి. ఒకటి, 38 వేలు పెట్టిన నాణేనికి ఆరేడు వేలే ఇస్తామంటున్నారన్నది. రెండోది, ఫొటోలోని నాణెం మీకు వచ్చిన నాణెం కాదన్నది. మొదటిదాన్ని పట్టుకుని కమిషన్‌కు వెళ్తే మీ కేసు నిలవదు. పాత నాణేలకు ఎమ్మార్పీ ఉండదు. ఇష్టపడి ఎక్కువ ధరకు కొన్నంత మాత్రాన అది మోసం కాదు. పైగా కొనే వ్యాపారి తన లాభం చూసుకునే ధర చెబుతాడు కాబట్టి, ఆ మాట ఒక్కటే రుజువుగా పనికిరాదు. రెండోది మాత్రం గట్టి పాయింటు. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే చట్టం మీ పక్కన ఉంటుంది.

గ్రేడు గురించి కూడా ఒక మాట. 1949లో విలియం షెల్డన్ అనే అమెరికన్ మొదలుపెట్టిన 1 నుంచి 70 దాకా ఉండే కొలమానం ఇది. 60, ఆ పైన ఉన్నవి చలామణిలో అరగనివి, వాటినే 'ఎంఎస్' (మింట్ స్టేట్) అంటారు. 63 అంటే చేతులు మారి అరగలేదు గానీ చిన్న చిన్న గీతలు, దెబ్బలు ఉన్నాయని అర్థం. అది నిపుణుల అభిప్రాయం, ధరకు గ్యారంటీ కాదు. 1911 రూపాయికి గిరాకీ వేరే కారణంతో వచ్చింది. రాజు వస్త్రం మీది ఏనుగు బొమ్మ పందిలా కనిపిస్తోందని అప్పట్లో గొడవ కావడంతో ఆ నాణేలను వెనక్కి తీసుకుని చాలావాటిని కరిగించారు, 1912లో బొమ్మను సరిదిద్దారు. మిగిలినవి తక్కువ కాబట్టే ఈ ధర, కాబట్టే నకిలీలు.

నంబరు కలిసిందన్న వాదన గురించి. అసలైన నాణెం నంబరును చూసి, అదే నంబరుతో నకిలీ లేబుల్ ముద్రించి, నకిలీ డబ్బాలో పెట్టి అమ్మే పద్ధతి ఒకటుంది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి పెద్ద గ్రేడింగ్ కంపెనీలే దీని గురించి కొనేవాళ్ళను హెచ్చరిస్తున్నాయి. కాబట్టి నంబరు కలవడం రుజువు కాదు, నాణెం కలవాలి. సీల్ వేసిన డబ్బాలోని నల్లమచ్చ దానంతటది చెరిగిపోదు. అయినా వెలుతురు తేడా వల్ల ఫొటోలో అలా వచ్చిందని వాళ్ళు అనొచ్చు. అందుకని మచ్చ ఒక్కదాని మీదే ఆధారపడకండి. అంచు దగ్గరి నొక్కులు, చెంప మీది గీతలు, లేబుల్ అక్షరాలు, డబ్బా అతుకు అన్నీ దగ్గరగా ఫొటోలు తీసి ఆ గ్రేడింగ్ కంపెనీకే మెయిల్ చేయండి. ఇది తమది కాదని వాళ్ళు రాతపూర్వకంగా చెబితే, మీ కేసులో అంతకు మించిన కాగితం ఉండదు.

ఇంకొకటి చూడండి. అమ్మకం పేజీలో పెట్టిన ఫొటోలో మచ్చ ఉందా? ఉంటే, చూపించింది ఒక నాణెం, పంపింది మరొకటి అని చూడగానే తెలిసిపోతుంది. ఆ పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు తీసేయవచ్చు. చాటింగ్, బిల్లు, డబ్బు కట్టిన రసీదు కూడా ఉంచుకోండి. వీటికి ఎలక్ట్రానిక్ రికార్డుల కోసం భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ చెప్పే సర్టిఫికెట్ జతచేస్తే తర్వాత అభ్యంతరాలు రావు. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులోనూ వెంటనే డిస్ప్యూట్ పెట్టండి.

ఏడు రోజుల గడువు గురించి టెన్షన్ పడొద్దు. ఆ గడువు 'నాకు నచ్చలేదు' అని తిప్పి పంపేవాళ్ళకు. నకిలీ వస్తువును, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. అలాగని ఊరుకోకండి. తేడా తెలిశాక కూడా చాలాకాలం మాట్లాడకుండా ఉంచుకుంటే వస్తువును అంగీకరించినట్టే లెక్క అనే సూత్రం వస్తువుల అమ్మకం చట్టంలో ఉంది. ఈ వారంలోనే సైట్ వాళ్ళ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి. 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అదే మెయిల్‌లో అమ్మకందారు పూర్తి చిరునామా కూడా అడగండి.

తేలకపోతే హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళండి. అమ్మినవాళ్ళు ఏ రాష్ట్రంలో ఉన్నా, మీరు నివసించే చోటే కేసు వేసుకునే హక్కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. సైట్ షరతుల్లో 'మా ఊరి కోర్టులోనే' అనో 'ఆర్బిట్రేషన్‌కే వెళ్ళాలి' అనో ఉన్నా అది మిమ్మల్ని ఆపలేదు. రూ. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో వినియోగదారుల కమిషన్ల పోర్టల్ ఈ-జాగృతి ద్వారా వేయొచ్చు. గడువు రెండేళ్ళు. అమ్మకందారును, సైట్‌ను ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. కేసు వేసే ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడండి, కొన్ని అక్కడే తెగుతాయి.

మీరు రాయని సంగతి ఒకటి నేనే అడుగుతాను. ఇష్టంతో దాచుకోవడానికి కొన్నారా, లాభానికి మళ్ళీ అమ్ముదామని కొన్నారా? తిరిగి అమ్మడానికి కొన్నవాళ్ళు ఈ చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. నాణేల వ్యాపారికి ధర అడగడానికి ఎందుకు వెళ్ళారని అవతలి లాయరు తప్పకుండా పట్టుకుంటారు. సేకరణ కోసం కొని, అనుమానం వచ్చి చూపించి ఉంటే ఆ మాటే ఫిర్యాదులో రాయండి. నిజంగా కొని అమ్మే అలవాటు ఉంటే దాన్ని దాచకండి, ఆ సందర్భంలో మీ దారి సివిల్ కోర్టు. నకిలీ అని తెలిసే అమ్మారని తేలితే, ఎందుకు కొన్నారన్నదానితో పని లేకుండా భారతీయ న్యాయ సంహిత 318 కింద చీటింగ్ ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఏడేళ్ళ దాకా శిక్ష పడగల నేరం అది.

ఇక తాతగారి నాణేలు. వందేళ్ళు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు, గ్రేడింగ్ కోసం కొరియర్ చేసినా అది ఎగుమతే. మీ 1911 రూపాయికీ ఇదే వర్తిస్తుంది. దాన్ని తిరిగి పరీక్షకు అమెరికా పంపమని ఎవరు చెప్పినా వినకండి. అలాంటివి అమ్మే వ్యాపారం చేసేవాళ్ళకు లైసెన్సు కూడా ఉండాలి. అమ్మకందారును ఆ నంబరు అడగండి, జవాబు ఎలా ఉంటుందో చూడండి. హాలీ సిక్కాల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. 1343 దాకా ఉన్నవి వందేళ్ళు దాటినట్టే. ఆ తర్వాతి వాటిని పంపాలన్నా, ముందు పురావస్తు శాఖ నుంచి ఇవి పురావస్తువులు కావన్న ధ్రువపత్రం తీసుకోండి.

వాటికి లక్షలిస్తామని, ముందు ట్యాక్స్ కట్టమని ఫోన్ వస్తే పెట్టేయండి. రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి పాత నాణేలకు కమీషన్లు వసూలు చేస్తున్నారని 2021లో ఆ బ్యాంకే ప్రకటన ఇచ్చింది. డబ్బు ఇప్పటికే పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. అమ్మినా అమ్మకపోయినా, ఆ రూపాయలను చింతపండుతోనో విబూదితోనో తోమనివ్వకండి. తోమినట్టు తేలిన నాణేనికి పెద్ద గ్రేడింగ్ కంపెనీలు మామూలుగా అంకె ఇవ్వవు, 'డీటెయిల్స్' అని మాత్రమే రాస్తాయి.