అమ్మమ్మ పచ్చల ఉంగరం కరిగించే ముందు: మా ‘లండన్ ఉంగరం’ కథ

మీ ప్రశ్న చదివాను. అమ్మమ్మ ఇచ్చిన పాత కాక్‌టెయిల్ ఉంగరం, నడుమ పెద్ద పచ్చ, చుట్టూ చిన్న వజ్రాలు. షాపువాళ్లు “ఇది 916 (22 క్యారెట్లు) కాదు, రాళ్లకు ఏమీ రాదు, కరిగించి కొత్తది చేయించుకోండి” అన్నారు, ఏం చేయమంటారు అని అడిగారు. నన్నడిగితే కరిగించొద్దు. కనీసం ఇప్పుడే వద్దు.

మా మేనత్త నాకిచ్చింది అచ్చం ఇలాంటిదే. అరవైల్లో చదువుకోడానికి లండన్ వెళ్లిన మామయ్య వస్తూ వస్తూ తెచ్చారట. కాక్‌టెయిల్ రింగ్ అనే పేరు మా ఇంట్లో ఎవరికీ తెలీదు, అందరికీ అది ‘లండన్ ఉంగరం’. అత్తయ్య వేలికి వదులై, వెనక కమ్మీకి దారం చుట్టుకుంది. ఏళ్ల తరబడి పసుపూ పిండీ తగిలి ఆ దారం గట్టిపడి, తాడులా తయారైంది.

నేనూ ముందు అమ్మేద్దామనే వెళ్లాను. షాపతను లోపలికి చూసి “ముద్ర లేదమ్మా” అన్నాడు. రాళ్ల బరువు తీసేసి, 14 క్యారెట్ల లెక్కన, పైగా తరుగు కోసి ఒక రేటు చెప్పాడు. మనసొప్పక వెనక్కొచ్చేశాను. ఇంట్లో కూర్చుని బ్లేడుతో ఆ దారం కోస్తే కింద కిరీటం బొమ్మ, పక్కన 18 అంకె, చిరుతపులి ముఖం, ఒక ఇంగ్లీషు అక్షరం! చిరుత ముఖం లండన్ పరీక్షశాల గుర్తు. కిరీటం, 18 కలిస్తే 18 క్యారెట్లు, అంటే నూటికి 75 పాళ్లు బంగారం. ఆ అక్షరం ఏ సంవత్సరం ముద్ర వేశారో చెబుతుంది. మన బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) బంగారానికి హాల్‌మార్క్, అంటే స్వచ్ఛత ముద్ర, మొదలుపెట్టిందే 2000లో. అంతకుముందు నాటి ఉంగరంలో ఆ గుర్తు కోసం వెతకడమేంటో!

మీదీ 18 క్యారెట్లేనని తేలితే చిన్నబోకండి. 22 క్యారెట్ల బంగారం మెత్తన. రాయిని పట్టుకునే సన్నటి గోళ్లు తేలిగ్గా వంగిపోతాయి, రాయి రాలిపోతుంది. అందుకే వజ్రాల పనికి ఎక్కువగా 18 వాడతారు. మీ దాంట్లో ముద్ర కనబడకపోతే బీఐఎస్ గుర్తింపున్న హాల్‌మార్కింగ్ సెంటర్‌కు తీసుకెళ్లండి, పాత నగలు కూడా పరీక్షించి ఎంత పాళ్లో కాగితం మీద రాసిస్తారు. పచ్చ అసలుదా కాదా అనేది రత్నాల ల్యాబ్‌లో అడగాలి, బంగారం కొనే కౌంటర్‌లో కాదు.

ఇక నేను చేసిన తెలివితక్కువ పని. ఉంచుకుందామని నిర్ణయించుకున్నాక, మెరుగు పెట్టమని ఇంకో షాపులో ఇచ్చాను. వాళ్లు అల్ట్రాసోనిక్ మెషిన్‌లో వేసి తీశారు. వజ్రాలు తళతళ, పచ్చ మాత్రం వెలవెల! లోపల తెల్లటి గీతలు, జుట్టు పగుళ్లలా. రాయి మార్చేశారేమోనని అక్కడే గొడవ పెట్టుకున్నాను. తర్వాత చార్ కమాన్ దగ్గర సందులో రాళ్లు పొదిగే పెద్దాయన భూతద్దంలో చూసి “రాయి అదేనమ్మా, నూనె పోయింది” అన్నాడు. పచ్చల్లో పుట్టుకతోనే సన్న పగుళ్లుంటాయి. అవి కనబడకుండా నూనె పట్టించడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. మెషిన్ అదిరింపుకీ వేడికీ ఆ నూనె బయటికొచ్చేస్తుంది, ఒక్కోసారి రాయే చిట్లుతుంది. మళ్లీ నూనె పట్టించాడు, చాలావరకు పాత రంగు వచ్చింది. ఒక గీత మాత్రం నాకిప్పటికీ కనబడుతుంది.

మచ్చలున్నాయని మాత్రం దిగులొద్దు. 2001లో సాలార్ జంగ్ మ్యూజియంలో నిజాం నగలు పెట్టినప్పుడు అత్తయ్యతో వెళ్లాను. జనమంతా జాకబ్ వజ్రం దగ్గర మూగితే, ఆవిడ పచ్చల ముందు నిలబడి “వీటిలోనూ పొరలున్నాయే” అని తెగ సంబరపడింది. అంత పెద్ద పచ్చ అద్దంలా తేటగా ఉంటేనే అనుమానించాలి. గుండ్రటి బుడగలు కనిపిస్తే గాజే.

సైజు గురించి కూడా అడిగారు కదా. కమ్మీ కోసి మంటతో అతికించే పనికి ఒప్పుకోకండి, పచ్చ వేడికి తట్టుకోదు. లేజర్‌తో అతికే చోటే ఇవ్వండి. నాకు కమ్మీ కోయకుండా లోపలివైపు రెండు చిన్న బంగారు గుండ్లు అతికించారు, వేలి మీద తిరగకుండా నిలుస్తోంది. తుడవడానికి తడి మెత్తటి గుడ్డ చాలు. గిన్నెలు తోమేటప్పుడు, పిండి కలిపేటప్పుడు తీసేయండి. విడిగా డబ్బీలో పెట్టండి, వేరే వజ్రాల నగ తగిలితే పచ్చ గీసుకుపోతుంది.

వీలైతే కమ్మీ లోపలివైపు ఫొటో దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి. ముద్ర లండన్‌దైతే చూసి చెబుతాను.