ఆ ఎర్ర బల్బు వెలగడం లేదా? పాత ఇటలీ బళ్ళపై మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కరెంటు గొడవలే. మిగతా సగంలో ఒకటి మాత్రం బండి గురించి కాదు, మనుషుల గురించి. దాన్ని చివర్లో చూద్దాం.

ప్రశ్న: నాది 1976 మోటో గుజ్జి 850 టి3. కొత్త బ్యాటరీ వేసి మూడు నెలలు కూడా కాలేదు. ఒక గంట తిరిగొచ్చి ఆపానంటే మళ్ళీ స్టార్టర్ తిరగదు. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ పోయిందని మెకానిక్ అంటున్నాడు. కొత్తది కొనేయమంటారా? (ఈమధ్యే మీటర్ల దగ్గరి బల్బులన్నీ ఎల్ఈడీలు చేయించాను, బ్యాటరీ మీద భారం తగ్గుతుందని.)

జవాబు: అసలు విషయాన్ని బ్రాకెట్లో పెట్టి రాశారు చూడండి! ఏమీ కొనకండి.

మీ బండికి ఉన్నది కార్లకు వాడే రకం బాష్ ఆల్టర్నేటర్, ఇంజన్ ముందు భాగంలో గుండ్రటి మూత కింద ఉంటుంది. దాని రోటర్‌లో (లోపల తిరిగే భాగం అది) శాశ్వత అయస్కాంతం ఉండదు, కరెంటు ఇస్తేనే అది అయస్కాంతం అవుతుంది. మొదట ఆ కాస్త కరెంటు ఎక్కడినుంచి వస్తుందంటే, మీటర్ల పక్కనుండే ఎర్ర ఛార్జింగ్ బల్బు గుండా వస్తుంది. తాళం తిప్పగానే ఆ బల్బు వెలుగుతుంది కదా, అది ఊరికే మనకు చెప్పడానికి పెట్టిన దీపం కాదు, రోటర్‌కు తొలి మేత దాని గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోయినా, దాని బదులు ఎల్ఈడీ పెట్టినా ఆ దారి మూసుకుపోతుంది, ఎందుకంటే ఎల్ఈడీ గుండా పారే కరెంటు రోటర్‌ను లేపడానికి చాలదు. బాగా రేజ్ చేస్తే రోటర్‌లో మిగిలున్న కాస్త అయస్కాంతంతో ఒక్కోసారి దానంతటదే అందుకుంటుంది, అందుకే హైవే మీద బాగానే ఉండి ఊళ్ళో తిరిగినప్పుడు మాత్రం బ్యాటరీ దిగిపోతుంటుంది. మీదీ అదే కథ అనుకుంటున్నాను.

ఆ ఒక్క స్థానంలో పాత ఫిలమెంట్ బల్బు తిరిగి పెట్టండి. మిగతా చోట్ల ఎల్ఈడీలు ఉంటే ఉండనివ్వండి. తర్వాత ముందు మూత తీసి, తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, స్క్రూడ్రైవర్ కొనను రోటర్ మధ్యనున్న బోల్టు దగ్గరకు తీసుకెళ్ళండి. చేతిలోంచి లాక్కున్నట్టు టక్కున అతుక్కుందంటే రోటర్ బతికే ఉంది. అతుక్కోకపోతే రోటర్‌కు కరెంటు అందించే బ్రష్‌లు అరిగాయేమో చూడండి, అవి చాలా చిన్న ఖర్చు. అవి కూడా బాగుంటే అప్పుడు మల్టీమీటరు పెట్టి రోటర్ రింగుల మధ్య ఎన్ని ఓమ్‌లు ఉన్నాయో చూడండి, మూడు నాలుగు దగ్గర రావాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తే ఇక టెన్షన్ పడే పనేలేదు.

ఇంకొకటి, మీరు రాయలేదు కానీ అడుగుతున్నా: ఫ్రేముకు కొత్తగా పౌడర్ కోటింగ్ గానీ చేయించారా? ఆ రంగు మందంగా ఉంటుంది, ఎర్త్ వైరు బోల్టు కింద కూడా పట్టేస్తుంది, దాంతో కరెంటు వెనక్కి వెళ్ళే దారే ఉండదు. బోల్టు కింద ఇనుము తళతళలాడేదాకా గీకి బిగించండి. నాకు తెలిసి ఈ బళ్ళ మీద "ఇటలీ వైరింగు, అంతే" అని వేసే నిందల్లో చాలా భాగం ఈ ఒక్క బోల్టు చేసే పనే.

ప్రశ్న: డుకాటి 860 జీటీ. స్టార్ట్ అవుతుంది, కానీ ఐడిలింగ్ నిలబడదు, కొంచెం యాక్సిలరేటర్ ఇస్తే దగ్గుతుంది, గట్టిగా ఇస్తే మాత్రం దూసుకుపోతుంది. కార్బురేటర్లు మూడుసార్లు విప్పి కడిగాను, జెట్లు మార్చాను, ప్లగ్గులు మార్చాను, నీడిల్ ఒక గాడి పైకి లేపాను, కాయిల్ కూడా మార్చాను. ఏమీ తేడా లేదు.

జవాబు: తేడా లేకపోవడం కాదండీ, ఇన్ని ఒకేసారి మారిస్తే ఏది తేడా చేసిందో ఇప్పుడు మీకే తెలియదు. ముందు నీడిల్‌ను మొదట ఉన్న గాడికి దించండి.

ఇటలీ కార్ల డిజైనర్ జార్జెట్టో జుజారో గీసిన బండి మీది, అంత సూటిగీతల ఆకారం అప్పట్లో చాలామందికి నచ్చలేదు, నాకు మాత్రం ఇష్టమే. సరే, పనిలోకి వద్దాం. కింది వేగంలో తిప్పలు, పైన బాగుంది అంటే చూపు పైలట్ జెట్ మీదికే, అంటే తక్కువ వేగంలో పెట్రోలు వదిలే చిన్న రంధ్రపు ముక్క మీదికే పోవాలి. మీ కార్బురేటర్ల కంపెనీ డెల్లోర్టో, దాని జెట్ మీద ఉండే అంకె దాని రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో వందో వంతు లెక్కన. 50 అని ఉంటే అర మిల్లీమీటరు. పెట్రోలు ఆరిపోయి మిగిలిన పసుపు జిగురు పొర ఒక్కటి చాలు దాన్ని 40 చేయడానికి. కడిగాను అన్నారు, సరే, దీపానికి ఎదురుగా పెట్టి చూశారా? గుండ్రంగా, అంచు చెదరకుండా వెలుగు చుక్క కనబడాలి. తీగతో మాత్రం పొడవకండి. నేనొకసారి ఇత్తడి బ్రష్‌లోంచి ఒక పోగు లాగి పొడిచాను, బాగా శుభ్రమైందని మురిసిపోయాను, ఆ తర్వాత నెల రోజులు ప్లగ్గు ఎందుకు నల్లబడుతోందో అర్థం కాక చచ్చాను. రంధ్రం పెద్దదైపోయింది మరి! నైలాన్ పోగు వాడండి, లేదా గాలి కొట్టండి.

జెట్లు బాగుంటే రెండు సిలిండర్లలో ఏది పని ఎగ్గొడుతుందో తేల్చండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి అర నిమిషం నడవనిచ్చి, వేళ్ళు తడుపుకొని రెండు సైలెన్సర్ పైపుల మీదా, హెడ్డుకు దగ్గరలో, నీళ్ళు చిలకరించండి. ఒకదాని మీద చుయ్యిమని ఎగిరిపోయి ఇంకోదాని మీద నీటిబొట్టు అలాగే కూర్చుందంటే దొంగ దొరికినట్టే. ఇక ఆ వైపు మాత్రమే చూడండి: కార్బురేటర్‌కు, హెడ్డుకు మధ్య గాలి దూరుతోందా, కేబుల్ ఒకటి ముందుగా లాగుతోందా, స్లైడ్ వదులై గడగడలాడుతోందా. రెండు కేబుళ్ళు సమానంగా లేవకపోతే ఎంత మంచి జెట్ వేసినా ఈ బళ్ళు దగ్గుతూనే ఉంటాయి. ఒక్కసారికి ఒక్కటే మార్చండి, మార్చింది కాగితం మీద రాసుకోండి.

ప్రశ్న: నేను రోజూ ఆధునిక బండి నడుపుతాను. ఈమధ్య డుకాటి 350 సింగిల్ కొన్నాను, గేరు కుడి కాలికి ఉంది, బ్రేకు ఎడమకి. రెండు వారాలైనా కాలు కుదరడం లేదు. ఎడమకి మార్చే కిట్ వేయించనా?

జవాబు: వద్దండీ. ఆ రోజుల్లో ఇటలీ బళ్ళకు కుడి గేరే మామూలు, 1970ల మధ్యలో అమెరికా నిబంధన ఎడమకు మార్చమన్నాక అందరూ మార్చారు, కొన్ని కంపెనీలు మధ్యలో కడ్డీలు పెట్టి అతుకులేసి మార్చాయి కాబట్టి ఆ బళ్ళలో గేరు పడటమే మెత్తగా ఉండదు. మీది మొదటినుంచీ కుడికే పుట్టింది, అలాగే ఉండనివ్వండి.

మామూలుగా నడిపేటప్పుడు కాలు నేర్చుకుంటుంది, రెండు మూడు వారాలు పడుతుంది. ప్రమాదమల్లా ఉలిక్కిపడినప్పుడే. కుక్క అడ్డం వచ్చిందనుకోండి, కాలు పాత అలవాటుకే పోతుంది, బ్రేకు అనుకుని గేరు తొక్కేస్తారు. అందుకే ఖాళీ స్థలంలో ఆగడం మాత్రమే సాధన చేయండి, ముందు బ్రేకును చేత్తో పట్టడం ఒంటికి పట్టేదాకా. ఒకే రోజు రెండు బళ్ళూ నడపకండి, కనీసం ఈ నెల.

ప్రశ్న: 1970 మోటో గుజ్జి వీ7 స్పెషల్ చూశాను. "ఇంజన్ ఇంతవరకు విప్పలేదు, ఒరిజినల్" అని అమ్మేవాడు ఒకటే గొప్పగా చెబుతున్నాడు. తీసుకోవచ్చా?

జవాబు: వేరే బండి అయితే నేనూ సంతోషించేవాణ్ణి. ఈ బండి విషయంలో ఆ మాట వింటే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

అప్పటి గుజ్జి సిలిండర్ల లోపల క్రోమ్ పూత ఉంటుంది. కొత్తలో అద్దంలా ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ, ముఖ్యంగా బండి చాలాకాలం కదలకుండా పడి ఉంటే, పెచ్చులు లేస్తుంది. లేచిన పెచ్చు నూనెలోకి దిగుతుంది. ఆ ఇంజన్‌కు ఇప్పటి బళ్ళలా మార్చుకునే ఆయిల్ ఫిల్టర్ లేదు, కింద ఒక తీగల జల్లెడ మాత్రమే, దాంతో సన్నటి పొడి నేరుగా క్రాంకు బేరింగుల్లోకి వెళ్ళి కూర్చుంటుంది. బండి నడుస్తూనే ఉంటుంది, శబ్దం కూడా బాగానే ఉంటుంది, అదే అసలు మోసం.

కాబట్టి ప్లగ్గులు తీసి, ఆ రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి చూడండి, ఇప్పుడవి ఫోనుకు తగిలించుకునేవి దొరుకుతున్నాయి. గోడల మీద బూజు పట్టినట్టు మరకలు, అంచులు లేచిన మచ్చలు కనిపిస్తే ధరలోంచి కొత్త సిలిండర్లు, పిస్టన్ల ఖర్చు తగ్గించమనండి. క్రోమ్ బదులు నికాసిల్ అనే గట్టి పూత ఉన్నవి తయారయ్యాయి, గుజ్జి ఫ్యాక్టరీ ఉన్న మాండెల్లో దెల్ లారియోలోనే ఉన్న జిలార్దోని వాళ్ళు చేసినవి. అవి వేసిన బండి అయితే, ఒరిజినల్ కాదని మూతి ముడవకుండా ఎక్కువ డబ్బిచ్చి అయినా కొనండి.

ప్రశ్న: పదేళ్ళకు పైగా షెడ్డులో పడున్న డుకాటి పాంటా దొరికింది. కొత్త పెట్రోలు పోసి స్టార్ట్ చేసి చూడనా?

జవాబు: వద్దు! ముందు వాల్వులను సరైన సమయానికి తెరిపించే టైమింగ్ బెల్టులు మార్చండి, అవి కొత్తగా కనిపించినా సరే. రబ్బరుకు కిలోమీటర్లతో పనిలేదు, వయసు చాలు. అది తెగితే వాల్వూ పిస్టనూ గుద్దుకుంటాయి.

ప్రశ్న: ఇది మెకానిక్ ప్రశ్న కాదు. నా గుజ్జికి జపాన్ కార్బురేటర్లు, వేరే సీటు ఉన్నాయి. మొదటిసారి పాత బళ్ళవాళ్ళు కలిసే చోటుకు వెళ్ళాను. ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి, అందరూ వింటుండగా "ఇందులో ఏముంది ఇటలీది?" అన్నాడు. అప్పటినుంచి మళ్ళీ వెళ్ళాలంటే మొహమాటంగా ఉంది.

జవాబు: ఆ పెద్దాయన నాకు తెలుసు. అంటే ఆయనే కాదు, అలాంటి ఆయన ప్రతి చోటా ఒకరుంటారు. బోల్టు తల మీద గుర్తు కూడా సరైన ఏడాదిదేనా అని వంగి చూస్తారు. వాళ్ళను తిట్టుకోకండి, ఎందుకంటే 1966లో పుట్టిన ఇటలీ పాత వాహనాల సంస్థ ఏఎస్‌ఐ లాంటి వాటి గుర్తింపు కావాలంటే ఒరిజినల్ అనేది నిజంగానే లెక్క, ఆ లెక్క తెలిసినవాళ్ళు ఉండబట్టే ఏ ఏడాదికి ఏ మీటరు, ఏ రంగు అన్న వివరం ఇంకా మిగిలుంది. ఆయనకు తెలిసింది నిజమే, చెప్పిన పద్ధతి బాగాలేదు, అంతే.

కానీ బండి ఎలా వచ్చిందన్నది కూడా ఒక లెక్కే. 1953లో మొదలైన మోటోజిరో గురించి వినే ఉంటారు, చిన్న బళ్ళతో రోజుల తరబడి ఇటలీ రోడ్ల మీద సాగిన పందెం. 1957లో మిల్లె మిలియా కారు పందెంలో ఘోర ప్రమాదం జరిగాక మామూలు రోడ్ల మీద పందేలే ఆపేశారు, దాంతో అదీ ఆగింది. ఇంజనీరు ఫాబియో తలియోని డుకాటికి చేసిన "మరియాన్నా" అనే చిన్న బండికి పేరు తెచ్చింది ఆ పందెమే. 2001లో మళ్ళీ మొదలుపెట్టారు, ఇప్పుడు వేగం కాదు, చెప్పిన సమయానికి చెప్పిన చోటికి చేరడం ముఖ్యం. అలాంటి చోట సాయంత్రం పార్కింగులో స్పానర్లు పట్టుకుని నేల మీద కూర్చున్నవాళ్ళను చూస్తే, ఎవరి సీటు ఎక్కడిదని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. పక్కవాడి దగ్గర అదనపు క్లచ్ కేబుల్ ఉందా అన్నదే ప్రశ్న.

మీరు మళ్ళీ వెళ్ళండి. ఈసారి బండి మీదే వెళ్ళండి, ట్రాలీలో తీసుకెళ్ళకండి. నడిపి వచ్చిన బండికి ట్యాంకు కింద పురుగులు, పైపు మీద దుమ్ము ఉంటాయి, అక్కడివాళ్ళు ముందు అవే చూస్తారు. వెళ్ళాక మీ బండి గురించి చెప్పడం మొదలుపెట్టకండి, పక్కబండి గురించి అడగండి: "ఇది ఎన్నో కిక్కుకి అందుకుంటుంది?" అని. ఎంత ముభావంగా ఉన్న మనిషైనా దానికి జవాబు చెప్పకుండా ఉండలేడు, అరగంట దొరికిపోతారు, ముందే చెబుతున్నా.

ఆ పెద్దాయన కనిపిస్తే మాత్రం మీ బండికి సరిపోయే డెల్లోర్టోలు ఏ నంబరువో, ఏ జెట్లతో వచ్చేవో ఆయన్నే అడగండి. తప్పకుండా తెలిసే ఉంటుంది. సగం సందర్భాల్లో ఆయన షెడ్డులో ఒక జత కూడా ఉంటుంది.