ఆస్పత్రులు గీస్తానంటోంది మా అమ్మాయి, పంపవచ్చా?

ప్రశ్న: మాది కడప. యర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ యూనిట్ నడుపుతున్నాను. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. లెక్కల్లో ముందుంటుంది. బీటెక్ కంప్యూటర్ సైన్స్‌లో చేర్పించాలనుకున్నాం. పోయిన వేసవిలో మా అమ్మ పడిపోయి తుంటి ఎముక విరిగితే పదకొండు రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. సెలవులు కాబట్టి పగలంతా, రాత్రి పది దాకా అమ్మాయే జేజి దగ్గర కూర్చునేది. తర్వాత నేను వెళ్లి మెట్ల కింద చాప వేసుకుని పడుకునేవాణ్ని. అక్కడ అమ్మాయి నోటుపుస్తకంలో వార్డు బొమ్మ ఒకటి గీసింది. అప్పటి నుంచి "ఆర్కిటెక్చర్ చదివి ఆస్పత్రులే కడతాను నాన్నా" అంటోంది. ఇళ్ల ప్లాన్లు గీయడానికి ఐదేళ్ల చదువెందుకని మా బావమరిది అంటున్నాడు. ఆస్పత్రుల కోసమే పనిచేసే ఆర్కిటెక్టులు నిజంగా ఉంటారా? ఆ బొమ్మ ఫోటో కూడా పంపుతున్నాను. – ఒక తండ్రి, కడప

సమాధానం: ఉంటారు. అమ్మాయిని పంపండి. కారణం చెప్పే ముందు ఆ బొమ్మ గురించి మాట్లాడాలి. మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైనది అదే.

ఫోటోను పెద్దది చేసి చూశాను. గోడల గీతలు వంకరగా ఉన్నాయి. అది నేర్చుకుంటే వచ్చే విద్యే. నన్ను పట్టి నిలిపింది మందుల గది నుంచి మీ అమ్మగారి మంచం దాకా ఉన్న చుక్కల గీత. దాని పక్కన "64 అంగలు" అని రాసింది. కింద "సాయంత్రం 6 నుంచి 10 దాకా సిస్టర్ 23 సార్లు" అని ఉంది. కాగితం తీసుకుని లెక్క కట్టాను. రానూపోనూ 128 అంగలు, 23 సార్లకు 2,944. అంగకు రెండుంబావు అడుగులు వేసుకున్నా నాలుగు గంటల్లో రెండు కిలోమీటర్లు. మందుల గది ఒక కొసన, మంచాలు మరో కొసన ఉన్నందుకు ఆ సిస్టర్ కాళ్లు కట్టిన సుంకం అది.

అమెరికాలో 36 ఆస్పత్రుల నర్సులను గమనించి 2008లో ప్రచురించిన ఒక అధ్యయనం సరిగ్గా ఇదే కొలిచింది. పది గంటల పగటి డ్యూటీలో ఒక్కో నర్సు ఒకటి నుంచి ఐదు మైళ్ల దాకా నడుస్తున్నట్టు తేలింది. నడకలో గడిచిన ప్రతి నిమిషమూ రోగి పక్కన లేని నిమిషమే. రోజూ వాడే మందులు, దూది, సెలైన్ సీసాలు వార్డు మధ్యలోకి వస్తే సిస్టర్‌కు అలసట తగ్గుతుంది, మీ అమ్మగారు పిలవగానే మనిషి పలుకుతుంది. కాగితం మీద ఆ గదిని మధ్యకు జరపడానికి పైసా ఖర్చు కాదు. గోడ లేచాక జరపడం ఎవరి తరమూ కాదు. ఎవరూ చెప్పకుండానే పదిహేడేళ్ల పిల్ల ఆ అంగలు లెక్కపెట్టుకుందంటే, ఈ వృత్తికి కావలసిన చూపు ఆమెకు ఇప్పటికే ఉంది.

బొమ్మలో ఎక్స్‌రే గదికి వెళ్లే వరండా మీద అడ్డగీతలు గీసి "జేజి ఇక్కడ అరిచింది" అని రాసింది. అవి ఏమిటో మీకు చూడగానే తెలిసి ఉండాలి. బండల మధ్య సందులు. రెండడుగుల బండలు పరిచిన వరండాలో స్ట్రెచర్ చక్రం రెండడుగులకొకసారి దిగి లేస్తుంది, ప్రతిసారీ విరిగిన ఎముక కదులుతుంది. మన కడప బండ గొప్ప రాయి. ఇంటి అరుగుకు దానికి సాటి లేదు. అయితే నునుపు తేలిన బండ మీద నీళ్లు పడితే కాలు ఎలా జారుతుందో మీకంటే తెలిసినవారు ఎవరు? ఆస్పత్రి నేల మీద చక్రం సాఫీగా కదలాలి, తడిలో పాదం నిలవాలి, సందుల్లో మురికి చేరకూడదు. మూడూ ఒక్క నేలలో కుదరడం కష్టం కాబట్టి వరండాకు ఒకటి, స్నానాల గదికి ఒకటి, ఆపరేషన్ థియేటర్‌కు ఒకటి ఎంచుకుంటారు. థియేటర్లో అయితే అతుకులు లేని నేల వేసి, అది గోడను కలిసే చోట మూల లేకుండా గుండ్రంగా పైకి తిప్పుతారు. తుడిచే గుడ్డకు అందని చోటు ఉండకూడదు కదా. రాయి గురించి మీ యూనిట్‌లో తెలుసుకున్నంత ఆమె ఏ కాలేజీలోనూ తెలుసుకోలేదు. సెలవు రోజుల్లో వెంట తీసుకెళ్లండి.

నా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా నాన్నగారిని ఐసీయూలో ఉంచారు. కిటికీ లేదు, గడియారం లేదు. ముఖానికి ఎదురుగా ట్యూబ్‌లైటు, రాత్రి కూడా ఆర్పేవారు కాదు. ఆయన తువ్వాలు కళ్ల మీద వేసుకుని పడుకునేవారు. మూడో రోజు "ఇప్పుడు పొద్దున్నా, రాత్రా?" అని అడిగారు. నాలుగో రోజు నన్ను గుర్తుపట్టలేదు. జబ్బు తలకెక్కిందని బెదిరిపోయాం. వార్డులో కిటికీ పక్క మంచానికి మార్చాక రెండు రోజుల్లో నన్ను పేరు పెట్టి పిలిచారు. పెద్ద వయసువారికి ఐసీయూలో ఇలా మతి తప్పడం తరచూ జరిగేదేనని డాక్టరు చెప్పారు. జబ్బు, మందులు, నిద్రలేమి అన్నీ కలిసి చేసే పని అది. పగటి వెలుగు, కంటికి ఆనే గడియారం, రాత్రి చీకటి, నిశ్శబ్దం దాన్ని అదుపులో ఉంచే జాగ్రత్తల్లో కొన్ని. ఆ నాలుగూ మందుల చీటీలో ఉండవు. ఆస్పత్రి కట్టేవారే వాటిని ముందే ఆలోచించి పెట్టాలి. ఆ రోజు నుంచి ఏ ఆస్పత్రిలో అడుగు పెట్టినా నా కళ్లు ముందు కిటికీలను వెతుకుతాయి.

కిటికీ మీద తొలి పేరున్న పరిశోధన రోజర్ ఉల్రిక్‌ది. 1984లో సైన్స్ పత్రికలో వచ్చింది. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు చూశాడు. సగం మందికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు కనబడినవారు సగటున 7.96 రోజుల్లో ఇంటికి వెళ్లారు, గోడ కనబడినవారికి 8.70 రోజులు పట్టింది. ఘాటైన నొప్పి మందులు కూడా చెట్ల వైపువారికి తక్కువే సరిపోయాయి. 46 మంది అంటే చిన్న లెక్కే. చెట్టు జబ్బు నయం చేస్తుందని చెప్పడానికి అది చాలదు. అయినా రోగి కళ్ల ఎదుట ఏముందో చూడాలన్న ఆలోచనను ఆస్పత్రులు కట్టేవారిలో నాటింది ఆ చిన్న లెక్కే.

గాలి సంగతి నాకు ఇంకా ముఖ్యమనిపిస్తుంది, అది మన ఊరి సంగతి కాబట్టి. పెరూ దేశపు లిమా నగరంలోని ఆస్పత్రుల్లో గాలి ఎంత మారుతోందో కొలిచి 2007లో ఫలితాలు ప్రచురించారు. కిటికీలు, తలుపులు తెరిచి ఉంచితే గాలి గంటకు 28 సార్లు మారింది. క్షయ వంటి జబ్బుల కోసం యంత్రాలతో గాలి ఆడించే గదులకు ప్రమాణం గంటకు 12 సార్లు. అన్నిటికంటే బాగా గాలి ఆడినవి 1950కి ముందు ఎత్తైన పైకప్పుతో, పెద్ద కిటికీలతో కట్టిన పాత భవనాలే. మన పాత ఆస్పత్రుల కప్పులు అంత ఎత్తున ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. మరి మే నెలలో కడపలో పడమటి కిటికీ తెరిస్తే వచ్చేది వడగాలి. లిమాలో నడిచింది ఇక్కడ అలాగే నడవదు. ఎండ లోపలికి రాకుండా గాలి, వెలుగు మాత్రం ఎలా తేవాలి? కిటికీకి ఎంత సన్‌షేడ్ వేయాలి, నడిమి పెరడు ఎక్కడ వదలాలి, ఏ వార్డు ఏ దిక్కున పెట్టాలి? దీనికి జవాబు రాయలసీమ ఎండలో పెరిగినవారి దగ్గర నుంచే రావాలని నా గట్టి నమ్మకం. మీ అమ్మాయి మీద నాకు ఆశ కలగడానికి ఇదే పెద్ద కారణం.

ఆమెకు ఒక పరీక్ష కూడా పెడుతున్నాను. ఈసారి ఏ ఆస్పత్రికి వెళ్లినా రోగుల స్నానాల గది తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడమనండి. లోపలికి తెరుచుకునే తలుపు వెనుక రోగి పడిపోతే ఆ మనిషే తలుపుకు అడ్డం. బయటి నుంచి తోస్తే దెబ్బ తగులుతుంది, తోయకపోతే లోపలికి వెళ్లలేరు. బయటికి తెరుచుకునేలా బిగిస్తే ఈ చిక్కే ఉండదు. అదే తలుపు, అవే కీలు.

ఇక చదువు. బీఆర్క్, అంటే ఆర్కిటెక్చర్ డిగ్రీ, ఐదేళ్లు. 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవారే ఆర్కిటెక్టునని చెప్పుకోగలరు. కౌన్సిల్ నిర్వహించే నాటా గానీ, జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపర్ గానీ రాయాలి. ఇంటర్‌లో లెక్కలు, భౌతికశాస్త్రం తప్పనిసరి, మీకు ఆ బెంగ లేదు. విజయవాడలో కేంద్ర ప్రభుత్వపు స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. మీ ఊళ్లోనే 2020లో ఆర్కిటెక్చర్, లలితకళల విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఎక్కడ చేర్చినా సరే, ఆ కాలేజీకి ఆ ఏడాదికి కౌన్సిల్ అనుమతి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకుని ఆ తర్వాతే ఫీజు కట్టండి. కాలేజీవారి మాట మీద వదలకండి. అనుమతి లేని చోట ఐదేళ్లు చదివితే నమోదు దగ్గర ఆగిపోతుంది.

బీఆర్క్‌లో ఆస్పత్రి అన్నది ఒక భాగమే. ప్రత్యేకత ఆమె సంపాదించుకోవాలి. శిక్షణ సెమిస్టర్‌ను ఆస్పత్రులు చేసే సంస్థలోనే చేయాలి, చివరి ఏడాది థీసిస్‌కు ఆస్పత్రినే తీసుకోవాలి. ఆ తర్వాత ఢిల్లీలోని జామియా మిలియా ఇస్లామియాలో ఆస్పత్రుల ఆర్కిటెక్చర్ మీదే ఎంఆర్క్ ఉంది. ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైలలోని కన్సల్టెన్సీల్లో, పెద్ద ఆస్పత్రుల ప్రాజెక్టు విభాగాల్లో దొరుకుతాయి. మన రాష్ట్రంలో ప్రభుత్వ ఆస్పత్రుల నిర్మాణం చూసే సంస్థ ఏపీఎంఎస్ఐడీసీ. జీతం విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. మొదటి మూడు నాలుగేళ్లు కంప్యూటర్ సైన్స్ చదివిన తోటివారి కంటే తక్కువే వస్తుంది, పని గంటలు ఎక్కువ. ఇంటి ఖర్చులకు ఆమె జీతం వెంటనే కావాలంటే ఇప్పుడే ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఈఏపీసెట్ కూడా రాయించండి, చేతిలో రెండో దారి ఉంటే మంచిది.

మీ బావమరిదికి నా మాటగా ఇది చెప్పండి. కర్నూలులో వైద్య కళాశాల 1950ల్లో వచ్చింది, అనంతపురంలో 2000లో, కడపలో 2006లో, నంద్యాలలో 2023లో. ఒక్కొక్క దాని వెంట వందల మంచాల ఆస్పత్రి. ఒకసారి కట్టిన వార్డులో రెండు తరాల రోగులు పడుకుంటారు, రెండు తరాల నర్సులు నడుస్తారు. ఇల్లు నచ్చకపోతే అమ్ముకోవచ్చు. తుంటి విరిగిన మనిషి వార్డు నచ్చలేదని లేచి వెళ్లలేదు.

బొమ్మలో ఒక్క లోటు ఉంది. జేజి మంచం గీసింది, సిస్టర్ నడక గీసింది, అరుపు వినబడిన చోటు గీసింది. పదకొండు రాత్రులు వాళ్ల నాన్న ఎక్కడ పడుకున్నాడో గీయలేదు. మన దగ్గర రోగితో పాటు ఇద్దరు మనుషులు, ఒక క్యారియర్, ఒక చాప వస్తాయి. మెట్ల కింద మీ చాప ఎంత పొడవు పట్టిందో, నీళ్ల కుళాయి ఎన్ని అంగల దూరమో, సిస్టర్ పిలిస్తే అక్కడికి వినబడేదో లేదో మిమ్మల్ని అడిగి గీయమనండి. గీశాక ఆ ఫోటో కూడా పంపండి.