ప్రీమియర్ పద్మిని కారు దారిలో ఆగిపోయి, పది నిమిషాలకు మళ్లీ స్టార్ట్ అవుతోంది. లోపం ఎక్కడ?

ఇరవై నిమిషాలు బాగా నడిచి, ఘాట్ ఎక్కేటప్పుడు గుంజి గుంజి ఆగిపోతోంది, పది నిమిషాలు వదిలేస్తే ఏమీ కానట్టు స్టార్ట్ అవుతోంది, కార్బురేటర్ రెండుసార్లు కడిగించినా లాభం లేదు అన్నారు. ఇక ఆ కార్బురేటర్ జోలికి వెళ్లకండి. దాని జెట్‌లో (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రంలో) చెత్త ఇరుక్కుంటే పది నిమిషాల విశ్రాంతికి అదే పోయే అవకాశం తక్కువ.

ముందు ఇది పెట్రోల్ సమస్యేనా అని తేల్చుకోవాలి. వేడెక్కిన కాయిల్, కండెన్సర్ (స్పార్క్ పుట్టించే భాగాలు) కూడా అచ్చం ఇలాగే ఆపేస్తాయి. బండి గుంజడం మొదలవగానే చోక్ కొంచెం లాగి చూడండి. పికప్ కాస్త తిరిగొస్తే పెట్రోల్ చాలడం లేదన్నమాట. ఆగిపోయాక సెల్ఫ్ కొట్టకుండా ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలిచే గిన్నె) మూత విప్పండి. నిండుగా ఉంటే పెట్రోల్ లైన్ వదిలేసి కరెంటు వైపు వెళ్లండి. అడుగంటి ఉంటే కింద రాసినవి వరసగా చూడండి.

మొదట ట్యాంక్ మూత. బండి ఆగగానే మూత తిప్పితే గాలి 'సుస్'మని లోపలికి వెళ్లి, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతలోని గాలి రంధ్రం పూడిపోయినట్టే. కొత్తగా కొన్న మూతల్లో అసలు రంధ్రమే లేనివీ దొరుకుతాయి.

తర్వాత ట్యాంక్ నుంచి పెట్రోల్ లాగే పంపు. కార్బురేటర్ దగ్గర పైపు ఊడదీసి, పొడవాటి గొట్టం తగిలించి, ఇంజిన్‌కి దూరంగా పెట్టిన గీతల సీసాలోకి వదలండి. ఫ్లోట్ చాంబర్‌లో ఉన్న పెట్రోల్‌తోనే ఇంజిన్ కాసేపు ఐడ్లింగ్‌లో తిరుగుతుంది. నిమిషానికి అర లీటరు దాకా వస్తే పంపు బాగున్నట్టు నా లెక్క. లీటరుకు 12 కిలోమీటర్లు ఇచ్చే బండి 60 వేగంలో గంటకు 5 లీటర్లు, అంటే నిమిషానికి 83 మిల్లీలీటర్లు తాగుతుంది. ఘాట్‌లో దానికి రెట్టింపు అనుకోండి. ఐడ్లింగ్‌లో మాత్రం గంటకు లీటరు చాలు. అందుకే సగం పూడిన లైన్ షెడ్డులో ఎంతసేపు తిప్పినా దొరకదు, ఎత్తు ఎక్కితేనే బయటపడుతుంది.

సీసాలో పడే తీరు కూడా గమనించండి. మొదట జోరుగా వచ్చి క్రమంగా సన్నబడితే ట్యాంక్ లోపలి జాలీ మూసుకుంటున్నట్టు. పీల్చినప్పుడు తుప్పు రేకులు జాలీకి అతుక్కుంటాయి, ఇంజిన్ ఆగగానే కిందికి రాలిపోతాయి. మీ పది నిమిషాల మాయ బహుశా ఇదే. పంపు దగ్గర లైన్ ఊడదీసి, ట్యాంక్ మూత తెరిచి, సైకిల్ పంపుతో వెనక్కి గాలి కొట్టండి (పెట్రోల్ లాగే పంపులోంచి కొట్టొద్దు, దాని వాల్వులు పోతాయి). దాంతో రెండు రోజులు బాగా నడిచి మళ్లీ మొదలైతే ట్యాంక్ దించి కడగక తప్పదు. ఇన్‌లైన్ ఫిల్టర్ పెట్టి ఊరుకుంటే జాలీ కష్టం తీరదు.

ధారలో బుడగలు వస్తుంటే పంపుకి ముందున్న రబ్బరు పైపుల్లో ఎక్కడో గాలి పీలుస్తోంది. అది పీల్చే వైపు కాబట్టి పెట్రోల్ కారదు, తడి కనపడదు. వేలితో వంచి చూస్తే చిన్న పగుళ్లు తెలుస్తాయి. ఇప్పుడు బంకుల్లో దొరికే ఈ20 పెట్రోల్‌కి (20 శాతం ఇథనాల్ కలిపినది) ఆ కాలపు రబ్బరు తట్టుకోదు, మెత్తబడి లోపల ఉబ్బుతుంది. పైపులు, పంపు డయాఫ్రమ్ (లోపల కదిలే పలుచని పొర) రెండూ ఇథనాల్‌కి ఆగే రకమే వేయండి.

బుడగలున్నా పైపుల్లో పగులు దొరక్కపోతే వేడి అనుమానించండి. ఆగిన బండి పంపు మీద తడిగుడ్డ వేయగానే రెండు నిమిషాల్లో స్టార్ట్ అయితే పెట్రోల్ లైన్‌లోనే ఆవిరవుతోంది. పంపు కింద వేడిని ఆపే ఇన్సులేటర్ ముక్క, గాస్కెట్ల మందం పాతవాటికి సమానంగా ఉందా చూడండి. మందం పెరిగితే పంపు స్ట్రోక్ తగ్గుతుంది. ఎలక్ట్రిక్ పంపు వేయమని సలహాలొస్తాయి. వేస్తే ఒత్తిడి 2–3 పీఎస్ఐ దాటనిది ట్యాంక్ దగ్గరే బిగించాలి. ఇంజెక్షన్ బండి పంపు తెచ్చి పెడితే ఆ ఒత్తిడికి నీడిల్ వాల్వ్ (ఫ్లోట్ చాంబర్ నిండగానే పెట్రోల్‌ని ఆపేది) ఆగలేక కార్బురేటర్ పొంగుతుంది.

ఇవన్నీ చేసేముందు ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా డయాఫ్రమ్ చిరిగి పెట్రోల్ సంప్‌లోకి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగుతోంది. అలాంటప్పుడు పంపు బాగుచేసి, ఆయిల్ మార్చేదాకా ఇంజిన్ తిప్పకండి, బేరింగులు పోతాయి.