బ్యాంకాక్‌లో బేరం సరే, ఇక్కడి వడ్డీ సంగతేంటి?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో అకౌంటెంట్‌ని. జీతం 38,000, ఇంటి ఖర్చు 28,000. భార్యతో కలిసి ఐదు రోజులు బ్యాంకాక్ వెళ్లాలని ఉంది. 16 శాతం వడ్డీకి లక్షన్నర పర్సనల్ లోన్ మంజూరైంది. మూడేళ్ల గడువు. ఇంకా సంతకం పెట్టలేదు. అందులో 40,000 షాపింగ్‌కే. చతుచక్ మార్కెట్లో గట్టిగా బేరమాడితే 10,000 మిగులుతుందట. ఎలా ఆడాలి? నగదు మేలా, కార్డు మేలా? పొదుపు 22,000 ఉంది. ఆరోగ్య బీమా లేదు. నాన్నకు షుగర్.

జవాబు: సంతకం పెట్టకండి. ఈ లోన్‌కు నెల కిస్తీ దాదాపు 5,274. మూడేళ్లలో వడ్డీయే 39,850 దాకా పోతుంది. అంటే మీ షాపింగ్ బడ్జెట్ ఎంతో, వడ్డీ కూడా ఇంచుమించు అంతే. చతుచక్‌లో అనుకున్నట్టే 10,000 తగ్గించుకున్నా, ఇంకో 30,000 చేతి నుంచి పోయినట్టే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తరచూ చూసే పొరపాటు ఇది. నల్లగొండ ప్రకాశం బజార్లో చీర మీద వంద తగ్గించేదాకా కదలని మనిషి, లోన్ కాగితంలో ప్రాసెసింగ్ ఫీజు ఎంతుందో చూడకుండా సంతకం చేసేస్తాడు. బంగారం తాకట్టు పెట్టి వెళ్తానన్నా నా మాట మారదు. విహారానికి అప్పు వద్దు.

అసలు నన్ను టెన్షన్ పెడుతున్నది మీ 22,000. మీ ఇంటి ఖర్చుకు అది నెల రోజులకు కూడా చాలదు. మిల్లులో పని ఆగినా, నాన్నగారిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చినా మళ్లీ అప్పే. ఆరు నెలల ఖర్చు, అంటే 1,68,000, పక్కన ఉండాలి. కిస్తీ కట్టగలనని అనుకున్నారు కదా, ఆ 5,274నే రికరింగ్ డిపాజిట్లో వేయండి. 27 నెలల్లో 1,42,398 అవుతుంది. ఉన్న 22,000, వడ్డీ కలిస్తే అత్యవసర నిధి సిద్ధం. జీతంలో మిగిలే మిగతా సొమ్ములో బీమా ప్రీమియం పోగా ఉన్నది టూర్‌కు దాచుకోండి.

వెళ్లే రోజున బేరం సంగతి: చతుచక్ ప్రధానంగా శని, ఆదివారాల సంత. నాలుగైదు దుకాణాల్లో అడిగాకే కొనండి. ధర ముందు మీరు చెప్పకండి, వాళ్లను కాలిక్యులేటర్‌లో కొట్టి చూపించనివ్వండి. ఒకే చోట మూడు నాలుగు తీసుకుంటే తగ్గిస్తారు. ఒప్పుకున్నాక వెనక్కి తగ్గడం మర్యాద కాదు. మాల్స్‌లో బేరం ఉండదు. చిన్న కొట్లకు నగదే మేలు. కార్డు గీకితే రూపాయల్లో కాకుండా థాయ్ బాట్‌లోనే బిల్లు వేయమనండి. చాలా కార్డులపై 3.5 శాతం దాకా మార్కప్ (విదేశీ కరెన్సీ వాడినందుకు బ్యాంకు వేసే అదనపు రుసుము), దానిపై జీఎస్టీ ఉంటాయి. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో డబ్బు తీశారో, ఆ రోజు నుంచే వడ్డీ మొదలు.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, కానీ అది ఆ ఐదు రోజులకే. ఆరోగ్య పాలసీ మాత్రం ఈ నెలలోనే మొదలుపెట్టండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ పాలసీల ప్రీమియంపై జీఎస్టీ లేదు. నాన్నగారికి విడిగా తీసుకోండి. ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ కాలం (ఆ జబ్బులకు క్లెయిమ్ రాని గడువు) పెట్టొచ్చు కాబట్టి, ఆలస్యం చేసిన ప్రతి నెలా మీకే నష్టం. ఫారంలో షుగర్ సంగతి దాచకండి. దాస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి కారణం మీరే రాసిచ్చినట్టవుతుంది.