గల్లాపెట్టె దగ్గర కూర్చునే అబ్బాయికి జీతం ఇవ్వాలా?

ప్రశ్న: మాకు తెనాలిలో కిరాణా కొట్టుంది. మా అబ్బాయికి పన్నెండేళ్లు. బడి నుంచి వచ్చాక రోజూ గంటన్నర కొట్లో ఉంటాడు. చిన్నపిల్లాడితో పని చేయించడం నేరమని మా బావగారు అంటున్నారు. వాడికి జీతంలాగా ఏమైనా ఇవ్వాలా? ఇస్తే పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించుకోవచ్చా? పోయిన వారం గల్లాలోంచి చెప్పకుండా యాభై రూపాయలు తీశాడు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు మీ బావగారి మాట. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016 సవరణతో బాలకార్మిక చట్టం గట్టిగానే చెప్పింది. అయితే బడి అయ్యాక, సెలవుల్లో, ప్రమాదం లేని సొంత కుటుంబ వ్యాపారంలో సాయం చేయడానికి వీలుంచింది. మీవాడి గంటన్నర ఉత్త సాయంగా ఉన్నంతవరకు దానికిందికి రావచ్చు. సంక్రాంతి గిరాకీ ఉందని బడి మాన్పిస్తే మాత్రం రాదు. ఇంకోటి, కొట్లో సిగరెట్లు, ఖైనీ ఉంటే ఆ అర వాడికి అప్పజెప్పకండి. 18 ఏళ్లలోపు వాళ్లకు పొగాకు అమ్మడమే కాదు, వాళ్లచేత అమ్మించడమూ తప్పే.

పన్ను సంగతి వదిలేయండి. చిన్న కొట్లు చాలావరకు అమ్మకాల్లో 8 శాతం, డిజిటల్‌గా వచ్చినదాంట్లో 6 శాతం లాభమని చూపించి ఆదాయపు పన్ను రిటర్న్ వేస్తాయి. ఆ పద్ధతిలో జీతాలు విడిగా తీసేసుకునే వీలే లేదు.

ఇక ఆ యాభై. చెప్పకుండా తీశాడన్నారు. మీరు తీసినప్పుడు ఎవరికి చెబుతున్నారు? పాలవాడికి, ఆటోకి, పెళ్లిలో చదివింపులకి అన్నీ ఆ పెట్టెలోంచే కదా. అరలోంచి నూనె ప్యాకెట్ వంటింట్లోకి వెళ్తే ఎక్కడైనా రాస్తున్నారా? వాడు చూస్తున్నది అదే. కొట్టు డబ్బంటే మన డబ్బని వాడికి అర్థమైంది. దాన్ని దొంగతనమనడానికి నాకు మనసొప్పదు.

గల్లా పక్కన దారం కట్టి ఒక నోటుపుస్తకం వేలాడదీయండి. ఇంటికి తీసిన ప్రతి రూపాయీ, ప్రతి ప్యాకెట్టూ కొన్న ధరకి అందులో పడాలి. ముందు మీది, మీ ఆవిడది. సాయంత్రం ఏడులోపు, వాడు కొట్లోంచి లేచేముందు, లెక్క మీవాడు చూడాలి: పొద్దున పెట్టిన చిల్లర, చేతికొచ్చిన నగదు, యూపీఐలో పడింది, అరువు పోయింది, ఇంటికి తీసింది. ఇరవై రూపాయలు తేడా వస్తే తేడా అనే రాయనివ్వండి. తిట్టారంటే మర్నాటినుంచి అంకెలు సర్ది తెస్తాడు. పెద్ద గుమాస్తాల్లో కూడా ఆ అలవాటు అలాగే మొదలవడం చూశాను.

మా నాన్నగారిది బట్టల కొట్టు. అరువు తీర్చేసిన ఒకాయన పేరు కొట్టేయడం నేను మర్చిపోయాను. పది రోజుల తర్వాత ఆయన్నే మళ్లీ అడిగాం. నాన్నగారు నన్ను ఒక్క మాటా అనలేదు. పుస్తకం నా చంకలో పెట్టి ఆయన ఇంటికి తీసుకెళ్లి, ఆయన ముందే నాచేత కొట్టేయించారు. ఆ ఇంటి గడప నాకిప్పటికీ గుర్తు.

జీతం అనొద్దు. కూర్చున్నందుకు డబ్బు కూడా వద్దు. ఒక పని వాడిదని అప్పజెప్పండి: సాయంత్రం లెక్క, లేదంటే బిస్కెట్లు, మసాలా ప్యాకెట్ల గడువు తేదీలు చూసి పాతవి ముందుకు పెట్టడం. దానికి నెలకు 500 ఇవ్వండి. రెండొందలు వాడిష్టం, ఏం కొన్నావని అడక్కండి. మూడొందలు పోస్టాఫీసు ఆర్‌డీలో, అంటే నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో, వేయించండి. పదేళ్లు దాటిన పిల్లలు తమ పేరుతోనే తెరవొచ్చు. ఇది రాసేనాటికి వడ్డీ 6.7 శాతం. ఐదేళ్లలో కట్టేది 18,000, చేతికొచ్చేది సుమారు 21,400. వడ్డీ తల్లిదండ్రుల్లో ఆదాయం ఎక్కువున్నవాళ్ల లెక్కలో కలుస్తుంది, అంత చిన్న మొత్తానికి భయపడక్కర్లేదు. పరీక్షల నెలలో లెక్క మీరే చూసుకోండి, డబ్బు మాత్రం ఆపకండి.

ఈ రాత్రే పుస్తకం మొదలుపెట్టండి. ఈ వారం గల్లాలోంచి మీరు తీసినవి గుర్తున్నంతవరకు ముందు మీరే రాసి, పెన్ను వాడి చేతికివ్వండి. యాభై వాడే రాస్తాడు. రాయకపోతే రెండు రోజులు ఆగి చూడండి, అడక్కండి.