ఎర్ర గోంగూర టీతో ఒంట్లోని విషాలు పోతాయా?

ప్రశ్న: నా వయసు 42. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. ఎర్ర గోంగూర టీ తాగితే ఒంట్లోని విషాలన్నీ పోతాయని విన్నాను. మూడు రోజులు అన్నం మానేసి అదొక్కటే తాగొచ్చా? పావుగంట మరిగిస్తే ఎరుపు పోయి గోధుమరంగు వస్తోంది, ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అన్నం మాత్రం మానకండమ్మా. విషాలను విరిచేది కాలేయం, బయటికి పంపేవి మూత్రపిండాలు, పేగులు. ఆ పనిలో కాలేయానికి గ్లుటాథయోన్ అనే పదార్థం కావాలి. గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసీన్ అనే మూడు అమైనో ఆమ్లాలతో, అంటే మాంసకృత్తులు విడిపోతే వచ్చే ముక్కలతో, శరీరం దాన్ని తయారుచేసుకుంటుంది. పారసిటమాల్ మోతాదు బాగా మించినప్పుడు కాలేయం దెబ్బతినేది ఈ నిల్వ అడుగంటడం వల్లే. అందుకే ఆసుపత్రిలో సిస్టీన్‌ను అందించే ఎన్-అసిటైల్ సిస్టీన్ ఇస్తారు. మాంసకృత్తులిచ్చే పప్పు, గుడ్డు, పెరుగు మానేసి ఉత్త టీతో గడిపితే ఆ గ్లుటాథయోన్‌కే ముడిసరుకు కరువవుతుంది. ఈ ‘డీటాక్స్’ ఉపవాసాలు నాకు బొత్తిగా నచ్చనిది ఇందుకే.

టీ చెడ్డదేం కాదు. పువ్వు రాలాక కాయను చుట్టుకుని ఉండే మందపాటి ఎర్ర తొడుగుల్లో యాంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు ఉంటాయి. పేగుల నుంచి రక్తంలోకి చేరేది వాటిలో చాలా కొద్ది భాగమే. కాబట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్‌ను ఈ టీ ఊడ్చేస్తుందన్న ప్రచారం నమ్మకండి.

మీ టీ రంగు చెడగొడుతున్నది మరిగించడమే. ఎక్కువసేపు వేడి తగిలితే యాంథోసయనిన్లు విరిగిపోతాయి. నీళ్లు 200 మి.లీ. మరగనిచ్చి స్టవ్ కట్టేశాక, 2 గ్రాముల ఎండు తొడుగులు, అంటే నలిపినవి సుమారు ఒక టీస్పూను, వేసి మూతపెట్టండి. ఆరేడు నిమిషాలకు వడకట్టండి. స్టీలు గిన్నె గానీ గాజు పాత్ర గానీ వాడండి. పులుపుకి అల్యూమినియం కరుగుతుంది. పొడి కన్నా తొడుగులు కొనడం మేలు, పాతబడినవైతే నల్లబారి ఉండటం కంటికే తెలుస్తుంది. ఇంట్లో ఎండబెట్టుకుంటే గింజల కాయ తీసేసి నీడలో ఆరబెట్టండి. చక్కెర వద్దు.

అసలు జాగ్రత్త మీ మాత్ర దగ్గర. ఈ టీ బీపీని కొంత తగ్గిస్తుంది. మాత్రతో కలిస్తే మరీ పడిపోవచ్చు. ముందు మీ డాక్టరుకు చెప్పి, రోజుకొక్క కప్పుతో మొదలుపెట్టండి. వారం పాటు రోజూ ఒకే వేళకు బీపీ చూసి రాసుకోండి. లేచి నిలబడగానే కళ్లు తిరిగితే టీ ఆపండి, మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. గర్భిణులు ఈ టీ తాగకపోవడమే మంచిది.